నాలుగు వారాల తేడా

దసరా అయిన నాలుగో రోజు స్కానింగ్ కాగితం చేతికొచ్చినప్పుడు వీరేష్ ముందుగా చూసింది బిడ్డ బరువు కాదు, గుండె చప్పుడు కాదు. అడుగున అచ్చయిన తేదీ. కాన్పు జనవరి పన్నెండు అని ఉంది.

ఆరోగ్య కేంద్రం వాళ్లిచ్చిన కార్డు మీద మాత్రం డిసెంబర్ పదిహేను అని రాసి ఉంది. చివరిసారి ఎప్పుడు బయట చేరావని నర్సమ్మ అడిగితే భార్య శివలీల చెప్పిన రోజును బట్టి రాసిన తేదీ అది. ఒకటి మనిషి నోటిమాట, ఒకటి మిషన్ మాట. రెంటికీ నడుమ నాలుగు వారాలు తేడా.

వీరేష్‌ది కోడుమూరులో మగ్గం మీద చీరలు నేసే ఇల్లు. తండ్రి లేడు. తల్లి హులిగెమ్మ, భార్య శివలీల, తను. మగ్గం మీద వచ్చేది చాలక ఉగాది అయిన నాలుగో రోజు, ఏప్రిల్ మొదట్లో, దొడ్డబళ్ళాపురం పోయి పవర్‌లూమ్‌లో చేరాడు. పీర్ల పండుగకు నాలుగు రోజులు వచ్చిపోయాడు. శివలీలకు ఆరో నెల జరుగుతుండగా వినాయక చవితికి పూర్తిగా ఇంటికొచ్చేశాడు.

స్కానింగ్ సెంటర్ మెట్ల మీద నిలబడే అతను వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు. డిసెంబర్ పదిహేను నుంచి తొమ్మిది నెలలు వెనక్కిపోతే మార్చి నడిమి. తను ఇంట్లోనే ఉన్నాడు. జనవరి పన్నెండు నుంచి పోతే ఏప్రిల్ నడిమి. అప్పుడు తను దొడ్డబళ్ళాపురంలో పన్నెండు గంటల షిఫ్టులో ఉన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కణుపులు మారలేదు.

“ఏమి రాసినారు?” అంది శివలీల, బైకు వెనక జాగ్రత్తగా ఎక్కుతూ.

“బాగుండాదంట.”

“లోపల ఆయప్ప బిడ్డ చిన్నగా ఉండాదన్న్యాడే.”

“కడుపులో బిడ్డ చిన్నగా కాక పెద్దగుంటాదా?”

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కూడా అతనికి సందేహంగానే వినిపించింది. లోపల డాక్టరు ఇంకా ఏమైనా చెప్పాడా? చెప్పింది ఈమె దాచిపెడుతోందా?

మూడో నెలలోనూ ఐదో నెలలోనూ స్కానింగ్ తీయించమని నర్సమ్మ రాసిచ్చింది. హులిగెమ్మే పంపలేదు. “నేను ముగ్గుర్ని కంటి. స్కానింగు మొగమే సూల్లేదు” అంది. అందుకని పోల్చి చూసుకోవడానికి పాత కాగితం ఒక్కటి కూడా లేదు. అప్పట్లో అది ఎవరికీ లోటుగా అనిపించలేదు. ఇప్పుడు వీరేష్‌కు అందులోనూ ఏదో ఉందనిపించింది. అమ్మ వద్దంటే మాత్రం, ఈమె అంత తేలిగ్గా ఎందుకు ఊరుకుంది?

ఇంటికొచ్చాక మగ్గం గుంటలో కూర్చుని కాగితం మళ్లీ తీశాడు. ఇంటర్ దాకా చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు. తల కొలత, పొట్ట కొలత, తొడ ఎముక కొలత, వాటి పక్కన అంకెలు. అన్నీ కలిపి సగటున ఇరవయ్యారు వారాలు. కార్డు లెక్క ప్రకారం ముప్పై కావాలి. అన్నిటికన్నా కింద పెన్నుతో గిలికిన ఒక ముక్క ఉంది. డాప్లర్ చేయించమని. అదేమిటో తెలియలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జరీ చుట్టిన కండెలుండే పెట్టె అడుగున తోశాడు.

మరుసటి రోజు మందుల షాపులో తల్లికి మోకాళ్ల నొప్పి మాత్రలు కొంటూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. “డాప్లర్ అంటే ఏందన్నా?”

షాపతను వేరే ఎవరికో చీటీ చూసి మందులు తీస్తున్నాడు. “రక్తం సూసే స్కానింగప్పా. మామూలు దాంట్లో బిడ్డ కనపడతాది. దీంట్లో రక్తం గూడా కనపడతాది.”

రక్తం అన్న మాట దగ్గరే వీరేష్ ఆగిపోయాడు. టీవీ సీరియళ్లలో బిడ్డ ఎవరిదో తేల్చడానికి రక్తం పరీక్ష చేయడం చాలాసార్లు చూశాడు. అయితే ఆ డాక్టరుకూ అనుమానం వచ్చే ఆ ముక్క గిలికాడన్న మాట. చేయిస్తే తేలిపోతుంది. తేలితే ఏం చేయాలో తెలియదు. అందుకని చేయించనూ లేదు, మరిచిపోనూ లేదు.

అన్నం తింటూ ఒక రోజు అడిగాడు. “ఏప్రిల్ నెలలో పత్తికొండలో ఎన్నిదినాలుంటివి?”

“ఇరవై దినాలు. మాయమ్మ చెయ్యి ఇరగల్యా? నీకు ఫోన్‌లో చెప్పి గదా పోతి.”

“అప్పుడు ఫోన్ చేస్తే శానాసార్లు బిజీ వస్తాండె.”

“మా చిన్నమ్మలూ అత్తలూ చెయ్యి ఎట్లుండాదని అడిగేకి చేస్తాండ్రి.” ఆమె ముద్ద కలుపుతూ తలెత్తింది. “ఏమిటికి ఇప్పుడు?”

“ఊరికే.”

ఊరికే కాదని అతను మూడో రోజు పత్తికొండకే పోయాడు. మామ లింగన్న ఒకప్పుడు నేతగాడే. మగ్గం ఆగిపోయాక టమాటా మార్కెట్‌లో కాయలు ఏరే పనికి కుదిరాడు. వీరేష్ పోయేసరికి కుప్ప ముందు గొంతుక్కూర్చుని పచ్చివి ఒకవైపు, పండువి ఒకవైపు, మెత్తబడినవి మరోవైపు విసురుతున్నాడు. అల్లుడిని చూసి చేతులు తుడుచుకుని లేచాడు.

“ఏమప్పా, చెప్పకుండా వస్తివి? బిడ్డ బాగుండాదా?”

“బాగుండాది మామా. ఊరికే ఇట్ల పనిమీద వస్తి.” టీ తాగుతూ తిప్పితిప్పి అక్కడికే తెచ్చాడు. “ఎండాకాలంలో శివలీల ఈడుండె గదా. అప్పుడు యాడికన్నా పోతావస్తా ఉండెనా?”

“యాడికి పోతాదప్పా! ఉగాదయిన వారానికి వచ్చె, ఇంగొక వారానికే వాంతులు పట్టుకునె. నా గుడ్డలకు టమాటా వాసన ఉంటాది గదా, నేను ఇంట్లో అడుగు పెడితే సాలు, బయటికి ఉరుకుతాండె. మీయత్త ఒంటిచేత్తో సంగటి కెలికి పెడితే అదీ ఇముడ్లేదు.”

ఆ మాటను అక్కడే పట్టుకుని ఉంటే కథ అంతటితో తీరిపోయేది. ఏప్రిల్ నడిమికే వాంతులు పట్టుకున్నాయంటే కడుపు అంతకు ముందే నిలిచిందని ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. వీరేష్‌కు ఆ లెక్క తట్టకపోలేదు. తట్టింది. కానీ బస్సెక్కేలోగా దానికి విరుగుడు కూడా తట్టింది. కూతురి తండ్రి అట్ల చెప్పక ఇంకెట్ల చెబుతాడు? నేను అడగకముందే వాంతుల మాట ఎందుకు ఎత్తాడు? అనుమానం పట్టినవాడికి సాక్ష్యం దొరికితే అనుమానం ఒకటి కాస్తా రెండవుతుంది. ఇప్పుడతనికి భార్య మీదే కాదు, మామ మీద కూడా అనుమానం.

పదకొండో రోజు హులిగెమ్మ జరీ కండె కోసం పెట్టె వెతుకుతూ కాగితం బయటికి లాగింది. ఆమెకు చదువు రాదు. కానీ స్కానింగ్ కాగితం జరీ పెట్టెలో ఎందుకుంటుందో ఊహించలేనంత అమాయకురాలు కాదు. కొడుకును పెరట్లోకి పిలిచి నిలదీసింది. వీరేష్ చెప్పేశాడు. నాలుగు వారాల తేడా, ఏప్రిల్ నెల, రక్తం చూసే స్కానింగ్, అన్నీ. చెప్పినంతసేపూ తేలికైనట్టుంది. చెప్పాక తల్లి మొహం చూస్తే, చెప్పకుండా ఉండాల్సిందనిపించింది.

హులిగెమ్మ కోడలిని నేరుగా అడగలేదు. శివలీల రాట్నం మీద పేక నూలు కండెలకు చుడుతుంటే పక్కన కూర్చుని పైనుంచి కిందికి చూసింది. “ఎనిమిదో నెలంటాండావు. కడుపు సూస్తే ఆరో నెల మాదిరుండాది.”

“అందరికీ ఒకే మాదిరుంటాదా అత్తా?”

“ఉండదులే. కర్నూల్లో రక్తం సూసే స్కానింగుండాదంట. కాగితంలో రాసిచ్చినారంట. పోయి తీయించుకో. ఎవురి రక్తమో తేలిపోతాది.”

శివలీల చేతిలో రాట్నం ఆగింది. అత్త వైపు చూడలేదు. మగ్గం గుంటలో ఉన్న మొగుడి వైపు చూసింది. వీరేష్ తెగని పోగును తెగినట్టు పట్టుకుని ముడి వేస్తున్నాడు. కొన్నాళ్లుగా అతను అడుగుతున్న ఊరికే ప్రశ్నలన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

సాయంత్రం అతని ముందుకొచ్చి నిలబడింది. “ఆ స్కానింగుకు నేను రాను.”

“భయమా?”

“భయం కాదు. రోషం.”

ఆమె ఏడ్చి ఉంటే, తిట్టి ఉంటే అతను కొంచెం మెత్తబడేవాడేమో. రానన్న మాటనే పట్టుకున్నాడు. తప్పు లేనిదైతే ఎందుకు రాదు?

మరుసటి రోజు పొద్దున వీరేష్ నేసిన చీర ఇచ్చిరావడానికి షావుకారు దగ్గరికి పోయినప్పుడు ఆశా కార్యకర్త హనుమమ్మ వచ్చింది. ఆ వీధిలో కడుపుతో ఉన్నవాళ్లందరి ఇళ్లకూ తిరుగుతుంది. స్కానింగ్ ఏమైందని పోయిన వారమే వీరేష్‌ను అడిగింది. అంతా బాగుందని అతను చెబితే నమ్మింది. ఇప్పుడు శివలీలను మంచం మీద పడుకోబెట్టి టేపుతో కడుపు కొలిచింది. ఇంకోసారి కొలిచింది.

“పోయిన నెల ఎంతుండాదో ఇప్పుడూ అంతే ఉండాది. బిడ్డ కదలతాండాదా అమ్మీ?”

“మొన్నటిదాకా తంతాండె. నిన్నట్నుంచి తక్కువైనాది.”

“స్కానింగ్ కాగితమేది?”

నిన్న అత్త దాన్ని తిరిగి ఎక్కడ తోసిందో చూసిన శివలీల లేచి జరీ పెట్టె తెరిచింది. హనుమమ్మ కాగితం వెలుతురుకు పట్టుకుని చదివి, తేదీ చూసి, నోటి మీద చేయి పెట్టుకుంది. “పన్నెండు దినాలైపాయె! డాప్లర్ చేయించమని రాసిండారు గదే. ఏమిటికి పోలేదు?”

“అది బిడ్డ ఎవురిదో సూసే స్కానింగంట గదక్కా.”

హనుమమ్మకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వంటింటి గడపలో నిలబడ్డ హులిగెమ్మ వైపు చూసింది. హులిగెమ్మ లోపలికి పోయింది.

“ఎవురు జెప్పినారో గానీ వాళ్ల నోట్లో మన్ను పడ” అంది హనుమమ్మ గొంతు తగ్గించి. “నీ కాడినుంచి బిడ్డకు నెత్తురు సరిగ్గా పోతాందా లేదా, అది సూసేదే డాప్లర్. ఎవురి నెత్తురని దాంట్లో తెలీదు. బిడ్డ ఎదగకుంటే అది చేయించాల్సిందే.”

“నేను పోతే, వాళ్లు చెప్పినట్ల పరీక్షకు పోయినట్లయితాది.”

“నీ రోషం నీకుండనీ, నేను వద్దన్ల్యా. బిడ్డకేమిటికే ఆ రోషం? కదలటం తగ్గిపోయినాదంటివి. లెయ్.”

శివలీల కడుపు మీద చేయి పెట్టుకుని కాసేపు కూర్చుంది. లోపలినుంచి ఏ జవాబూ రాలేదు. లేచి చీర మార్చుకుంది.

వీరేష్ తిరిగొచ్చేసరికి ఇంట్లో భార్య లేదు. జరీ పెట్టె మూత తీసి ఉంది. కాగితం లేదు.

“ఆశమ్మతో పాయె. సంచి ఎత్తుకోని పాయె” అంది హులిగెమ్మ. “యాడికని నాకు చెప్పేటోళ్లెవురు?”

స్కానింగుకు రానని నిన్న అంత గట్టిగా చెప్పిన మనిషి, తను లేనప్పుడు, కాగితం తీసుకుని, సంచి సర్దుకుని పోయింది. కాగితం చింపేయడానికా? కడుపే లేకుండా చేసుకోవడానికా? ఎవరినైనా కలవడానికా? ఆలోచన ఎంత వేగంగా పోతుందో బైకూ అంత వేగంగా పోయింది. బస్టాండులో కర్నూలు బస్సు అప్పుడే కదిలింది. కిటికీ పక్కన శివలీల తల కనిపించింది. పిలవలేదు. బస్సు వెనకాలే బైకు నడిపాడు. ఎండిన చేలూ రాళ్లగుట్టలూ దాటుతూ, బస్సు ఆగిన ప్రతి చోటా తనూ ఆగి, ఎవరు ఎక్కుతున్నారో చూశాడు. మగవాడెవడైనా ఎక్కి ఆమె వైపు పోతే మెడ చాచాడు. అందరూ తమ తమ సీట్లలో కూర్చున్నారు.

కర్నూలులో దిగి ఇద్దరు ఆడవాళ్లూ ఆటో ఎక్కారు. ఆటో పెద్దాసుపత్రి గేటు ముందు ఆగింది. అతను బండి నిలిపి లోపలికి పోయి, కడుపుతో ఉన్నవాళ్ల వార్డు వరండాల్లో తిరిగి, స్కానింగ్ గది బయట హనుమమ్మ చెప్పులు గుర్తుపట్టాడు. తలుపు తోశాడు.

గదిలో వెలుతురు తక్కువ. శివలీల బల్ల మీద పడుకుని ఉంది. డాక్టరు మధులత ఆమె కడుపు మీద స్కానింగ్ పరికరం పెట్టి తెర వైపు చూస్తోంది. తల తిప్పకుండానే అడిగింది. “ఎవరు?”

“ఆమె మొగుణ్ణి.”

“మంచి పని చేశారు. పిలిపిద్దామనే అనుకుంటున్నా. ఇలా వచ్చి వినండి.”

ఆమె ఏదో నొక్కింది. గదిలోకి ఒక చప్పుడు వచ్చింది. గాలి గట్టిగా ఊదినట్టు ఒక విసురు, తర్వాత ఏమీ లేదు. మళ్లీ విసురు. మళ్లీ ఏమీ లేదు. తెర మీద వరసగా కొండల్లాంటి గీతలు పరిగెడుతున్నాయి.

“ఇది బొడ్డుతాడులో రక్తం. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా మాయలోకి పోతుంది. ఆ కొండలు అవే. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కూడా రక్తం పారుతూనే ఉండాలి, పూర్తిగా ఆగకూడదు. ఇక్కడ చూడండి, కొండకూ కొండకూ మధ్య గీత నేలకు తగులుతోంది. అంటే మధ్యలో ఆగిపోతోంది. మాయ సరిగ్గా పనిచేయడం లేదు. బిడ్డకు తిండీ గాలీ చాలడం లేదు.”

వీరేష్ ఆ కొండల వైపే చూశాడు. పన్నెండు రోజులుగా నాలుక మీదే ఉన్న ప్రశ్న దానంతటదే బయటికొచ్చింది.

“అయితే మేడమ్, ఎన్నో నెలని వచ్చినాది?”

“ముప్పై రెండో వారం నడుస్తోంది.”

“పోయిన కాగితంలో ఇరవయ్యారే రాసినారు. దీంట్లో రక్తం తెలుస్తాదంట గదా. సరిగ్గా ఎప్పటిదో...”

కడుపు మీద డాక్టరు చేయి ఆగింది. చప్పుడూ ఆగింది. డాక్టరు అతని వైపు చూసింది. గోడ పక్కన తల దించుకున్న హనుమమ్మను చూసింది. బల్ల మీద శివలీల మొహం అప్పటికే గోడ వైపు తిరిగి ఉంది. ఇట్లాంటి గదుల్లో ఇట్లాంటి ప్రశ్నలు మధులత ఇంతకుముందు కూడా విని ఉండాలి. కోప్పడలేదు. కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

“వినండి. డాప్లర్ తేదీ చెప్పదు. రక్తం ఎవరిదో అసలే చెప్పదు. బిడ్డకు అందుతోందా లేదా, అంతే చెబుతుంది. మీకు కావలసింది ఆ పాత కాగితంలోనే ఉంది, ఎవరూ విడమర్చి చెప్పినట్టు లేదు. నిజంగా నెలలు తక్కువైతే బిడ్డ తలా పొట్టా రెండూ ఒకేలా చిన్నగా ఉంటాయి. రక్తం కూడా హాయిగా పారుతుంది. ఈ బిడ్డ తల దాదాపు నెలలకు తగ్గట్టే ఉంది. పొట్టే పెరగలేదు. వచ్చే ఆ కాస్త రక్తాన్నీ మెదడుకు పంపుకుని మిగతా ఒళ్లు ఎండబెట్టుకుంటోంది. చిన్న వయసు బిడ్డ కాదు ఇది. ఆకలితో ఉన్న బిడ్డ.”

వీరేష్ తెర మీది కొండల వైపు మళ్లీ చూశాడు.

శివలీల మోచేతి మీద కొంచెం లేచింది. “బతుకుతాదా మేడమ్?”

ఆ ప్రశ్న విన్నాక గానీ, తను ఆ మాట అడగలేదని వీరేష్‌కు తెలియలేదు.

“ఈ రోజే చేర్చుకుంటాం. ఊపిరితిత్తులు గట్టిపడటానికి రెండు ఇంజెక్షన్లు ఇస్తాం. రోజూ ఇదే స్కానింగ్ చేస్తాం. ఇంకా తగ్గిందంటే ఆపరేషన్ చేసి తీసేయాలి. లోపల ఆకలితో ఉండటం కన్నా బయట మా చేతుల్లో ఉండటం మేలు. మాట ఇవ్వలేను గానీ, అవకాశం ఉంది.” ఆమె పాత కాగితం తిరగేసింది. “పన్నెండు రోజుల కిందటే రాశారే. అప్పుడే ఎందుకు రాలేదు?”

హనుమమ్మ నోరు తెరవబోయింది.

“కాగితం నేనే దాచిపెడ్తి మేడమ్” అన్నాడు వీరేష్.

డాక్టరు అతన్ని ఒకసారి చూసి కేసు షీటు రాసుకుంది.

మూడు రోజులు ఆ చప్పుడు అట్లాగే వచ్చింది. వీరేష్ ప్రతి రోజూ స్కానింగ్ గది తలుపు బయట నిలబడి చెవి పెట్టేవాడు. లోపలికి రమ్మని శివలీల పిలవలేదు. నాలుగో రోజు, దీపావళి అయిన రెండు రోజులకు, మధ్యలో ఆగడమే కాదు, రక్తం వెనక్కి తోస్తోందన్నారు. గంటలో ఆపరేషన్ చేశారు. ఆడబిడ్డ. కిలో మీద వంద గ్రాములు. పుట్టగానే ఏడవలేదు. తర్వాత ఏడ్చింది, పిల్లి కూన అరిచినంత. అద్దాల పెట్టెలోకి తీసుకుపోయారు.

మరుసటి రోజు హులిగెమ్మ వచ్చింది. గాజు తలుపు అవతలినుంచి మనవరాలిని చూసి బుగ్గలు నొక్కుకుంది. వరండాలోకి వచ్చాక కొడుకు చెవి దగ్గర అంది. “ఇంతే ఉండాది గదరా. డాక్టర్లేమన్నా చెప్పనీ, ఇది ఎనిమిదో నెల బిడ్డ మాదిరుండాదా? నెలలు తక్కువే...”

“మా” అన్నాడు వీరేష్. గొంతు అంత పెద్దగా వస్తుందని అతనూ అనుకోలేదు. బెంచీల మీద కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. “తిండి లేక చిన్నగయిన బిడ్డ అది. ఇంగ నెలలు లెక్కబెట్టొద్దు. పన్నెండు దినాలు నేను కాగితం దాచిపెడ్తి. లెక్కబెట్టేదుంటే ఆ పన్నెండు లెక్కబెట్టు.”

కూతురి కోసం వచ్చిన లింగన్న అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. అల్లుడి దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు. “ఆపొద్దు మార్కెట్‌కు పనిమీద రాలేదు నువ్వు. తిప్పితిప్పి ఎండాకాలం మాటకే వచ్చినప్పుడే నాకు తెలిసె. అల్లుడివని ఊరకుంటి. ఊరకుండింది నా తప్పు.” నీళ్ల సీసా తీసుకుని కూతురి దగ్గరికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని వీరేష్‌కు అనిపించింది.

హులిగెమ్మ ఆ తర్వాత అతని ముందు నెలల మాట ఎత్తలేదు. ఇంటి దగ్గర అరుగు మీద కూర్చుని ఎత్తుతుందని అతనికి తెలుసు.

బిడ్డ మొదటి వారం ఇంకా తగ్గింది. కామెర్లొచ్చాయి, పోయాయి. పాలు గొట్టంతో చుక్కలు చుక్కలుగా పట్టారు. మూడో వారంలో బరువు పెరగడం మొదలైంది. అప్పుడు నర్సు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి గుడ్డతో కట్టడం నేర్పింది. ఆ వేడికే బిడ్డలు పెరుగుతారంది. రోజులో ఎన్ని గంటలైతే అంత మంచిదంది. కుట్ల నొప్పితో శివలీల ఒకేతీరుగా కూర్చోలేక అవస్థ పడుతుంటే, “తండ్రి కూడా పెట్టుకోవచ్చమ్మా, పిలువు” అంది.

శివలీల కొంతసేపు ఆలోచించి, కబురు పంపింది.

వీరేష్ చొక్కా విప్పి కుర్చీలో వెనక్కి వాలాడు. బిడ్డను గుండె మీద పెట్టారు. బరువే తెలియలేదు. వెచ్చగా ఏదో ఉందని మాత్రం తెలిసింది. వేలి గోరంత ముక్కు, అతని ఊపిరికి కదిలే జుట్టు. ఊపిరి గట్టిగా పీల్చడానికి కూడా అతనికి భయమేసింది.

“శివలీలా” అన్నాడు చాలాసేపటికి. “తప్పు చేస్తి.”

ఆమె మంచం మీద పక్కకు తిరిగి బిడ్డనే చూస్తోంది. “ఒకటి అడుగుతా. డాక్టరమ్మ నెలలు తక్కువే అని చెప్పింటే ఏం చేసింటివి? మిషన్‌దే తప్పయి, ఆమెకూ తెలియక, అట్ల చెప్పింటే?”

అతను జవాబు వెతికాడు. నమ్మి ఉండేవాణ్నని అబద్ధం చెప్పొచ్చు. గుండె మీద బిడ్డ ఉండగా ఆ అబద్ధం రాలేదు.

“తెల్దు” అన్నాడు.

“నాకు తెలుసు. నా మాటకంటే కాగితానికే ఇలువిచ్చినావు. ఇప్పుడూ ఇంగొక కాగితాన్ని సూసే నమ్మినావు. నన్ను సూసి కాదు.” ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “బిడ్డ బతుకుతాదా అని నువ్వు అడగలేదు. అది నేను మర్చిపోలేను. మర్చిపోయినట్ల నటించేకీ నాకు ఇప్పుడు ఓపిక లేదు.”

వీరేష్ కళ్లలోంచి నీళ్లు జారితే, బిడ్డ మీద పడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు.

“ఏడ్చాకు, గుండె ఎగిరితే అది లేస్తాది” అంది శివలీల. “గంట అయ్యేదాకా అట్లనే కూచో. దానికి వేడి కావాల.”

ఆ రోజునుంచి పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట అతను కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా పాలు, గ్రాములు, మందుల మాటలే నడిచాయి. ముప్పై ఎనిమిదో రోజుకు బిడ్డ కిలో ఏడువందలైంది. తల్లి పాలు సొంతంగా తాగుతోంది. ఇంటికి పోవచ్చన్నారు. మధులత కాగితాల మీద సంతకం పెడుతూ, వచ్చే కాన్పుకు మూడో నెల స్కానింగ్ మానకూడదని, ఇట్లాంటిది ఇంకోసారి వచ్చే వీలుందని, మొదటినుంచీ చూపించుకోవాలని చెప్పింది. ఆ మాట శివలీలతోనే చెప్పింది. శివలీల తలూపింది.

తల్లీబిడ్డల్ని ఇంట్లో దింపే ఆసుపత్రి బండి గేటు దగ్గరికొచ్చింది. డ్రైవరు చీటీ చూస్తూ అడిగాడు. “యాడికమ్మా? కోడుమూరని రాసిండారు.”

“కాదన్నా, పత్తికొండ. మాయమ్మోళ్లింటికి” అంది శివలీల. “మూడు కేజీలయ్యేదాకా ఆడ్నే ఉంటాము.”

వీరేష్‌కు ఆ సంగతి అప్పుడే తెలిసింది. అప్పుడే తెలిసినట్టు మొహంలో కనిపించనీయలేదు. సంచి బండిలో పెట్టాడు. బిడ్డ పక్కబట్టలు పెట్టాడు. శివలీల ఎక్కేటప్పుడు చేయి అందించాడు. ఆమె ఆ చేయి పట్టుకోలేదు, బండి తలుపు పట్టుకుని ఎక్కింది. కుట్లు నొప్పి పెట్టాయేమో, కూర్చున్నాక కాసేపు కళ్లు మూసుకుంది. అతను నేల మీదే నిలబడిపోయాడు.

డ్రైవరు ఇంజిను వేసి అద్దంలోంచి అతని వైపు చూశాడు. “ఏమప్పా, నువ్వూ వస్తాండావా లేదా? ఎండెక్కుతాంది.”

వీరేష్ భార్య వైపు చూశాడు. ఆమె బిడ్డ తల చుట్టూ ఉన్ని గుడ్డ సరిచేస్తోంది. చాలాసేపు ఆ గుడ్డనే సరిచేసింది. తర్వాత తలెత్తకుండా డ్రైవరుతో అంది.

“ముందర కూచోమను, అన్నా.”